రెండు కిలోల చట్టం

చవకగా వచ్చిన టీని సముద్రంలో పారబోసిన వాళ్లంటే నాకు మొదట ఒళ్లు మండింది.

ఆ సంగతిని మా ఇంట్లోకి తెచ్చింది నా భార్య సాబేరా. ఇక్కడ గల్ఫ్‌లో, హుఫూఫ్ అనే ఊళ్లో, ఒక ఇండియన్ స్కూల్లో ఆమె సోషల్ టీచరు. ఒక సాయంత్రం పరీక్ష పేపర్లు దిద్దుతూ ఎర్ర పెన్ను పక్కన పడేసింది.

"క్లాసంతా ఒకే తప్పు రాసినారు చూడండి. అమెరికా వాళ్లు టీ పెట్టెలు సముద్రంలో పారేసింది టీ ధర పెంచినందుకంట."

"కాదా మరి?" అన్నాను. పరీక్షకు కూర్చుంటే నేనైనా అదే రాసేవాణ్ని.

"పెంచలేదు. తగ్గింది. పన్ను పాతదే, అట్లే ఉండాది. ఇంగ్లండు వాళ్లు కొత్త చట్టం తెచ్చినాక కంపెనీ టీ ముందుకంటే చవకైంది. సరిగ్గా అప్పుడే పారేసినారు."

"ఏ కంపెనీ?"

"మన రాయచోటిని ఏలిన కంపెనీనే. చైనాలో టీ కొని అమెరికాలో అమ్మేది. మన దగ్గర శిస్తు, వాళ్ల దగ్గర టీ."

నేను చాయ్ తాగుతున్నాను. గ్లాసు కింద పెట్టేశాను. తగ్గించి ఇస్తే తాగాలి గానీ పారబోయడమేమిటి? తిక్క కాకపోతే? ఎందుకు పారేశారని సాబేరాను అడిగితే, ఇంకా నలభై పేపర్లున్నాయి, లేచి పొయ్యండి అంది.

నాకో జబ్బుంది, అది ముందే చెప్పడం మంచిది. ఏ విషయమైనా సగం తెలిసి సగం తెలియకపోతే నాకు అన్నం సహించదు. నేను చేసే పని కూడా ఆ జబ్బుకు మందు కాదు, మేత. పాత మార్కెట్ వెనక సందులో నాది చిన్న దుకాణం. ఊరికి పోయేవాళ్ల అట్టపెట్టెలను కాటా మీద తూచి, టేపు చుట్టి, నైలాన్ తాడు అడ్డంగా నిలువుగా బిగించి, నల్ల మార్కర్‌తో పేరు, ఊరు, మండలం, జిల్లా పెద్ద అక్షరాలతో రాసిస్తాను. పాలపొడి, దుప్పట్లు, సెంట్లు కూడా అమ్ముతాను. పెట్టె చేతికి రాగానే లోపల ఏముందో ఊహించుకోవడం, ఊహ సరైందో కాదో అడిగేయడం నాకు అలవాటు. "నీ నోట్లో నువ్వుగింజ నానదు" అని మా అమ్మ అనేది. ఆ మాటను సాబేరా కోడలిగా వారసత్వంగా పుచ్చుకుంది.

టీ సంగతి కూడా అలాగే పట్టుకుంది. దుకాణానికి వచ్చిన వాళ్లందరినీ అడిగాను. పక్కన మంగలి షాపు పాకిస్తానీ ముస్తాక్ బాగా ఆలోచించి, "భాయ్, వాళ్ల దగ్గర చక్కెర అయిపోయి ఉంటుంది" అన్నాడు.

అంతకంటే మంచి జవాబు నాకు నర్సింలన్న రూమ్‌లో దొరికింది.

నర్సింలన్న జగిత్యాల దిక్కు మనిషి. ఏసీలు, నీళ్ల పంపులు బాగుచేసే ఒక కంపెనీలో ఫోర్‌మన్. ఆయన కింద పనిచేసే వాళ్లంతా దాదాపు ఆ నాలుగైదు ఊళ్ల వాళ్లే. ఒకే పాత విల్లాలో, ఆయనతో కలిసే ఉంటారు. ఆ ఇంటినే అందరూ రూమ్ అంటారు. ఎవరు ఎప్పుడు సెలవు మీద పోవాలో ఆయన చెప్పిందే ఆఫీసులో చెల్లుతుంది. ఆయన ఊ అంటేనే, దేశం దాటి మళ్లీ రావడానికి కావలసిన ఎగ్జిట్ రీ-ఎంట్రీ కాగితం కదులుతుంది.

ఆ రూమ్‌కు ఒక పద్ధతి ఉండేది. విమానం వాళ్లు ముప్పై కిలోలు ఇస్తే, అందులో ఐదు నర్సింలన్నవి. ఆయన తానే టేపు వేసిన పార్సల్ ఒకటి చేతికిస్తాడు. ఊరికి పోయినవాడు దాన్ని ఆయన భార్య జయమ్మకు ముట్టజెప్పాలి. జయమ్మ మెట్‌పల్లి దగ్గర తమ ఊళ్లో, ఇంటి ముందు గదిలో గల్ఫ్ సబ్బులు, సెంట్లు, నొప్పుల బాములు అమ్ముతుంది. ఇందులో రహస్యమేమీ లేదు, అందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ సణిగేవారు కాదు. కరోనా రోజుల్లో పనులు ఆగిపోయి, గడప దాటనీయని కాలంలో ఎక్కడెక్కడి నుంచో బియ్యం బస్తాలు మోసుకొచ్చి రూమంతటికీ తిండి పెట్టింది ఆయనే. "అన్న పెట్టిండు, అన్న తీస్కుంటడు" అనేవాళ్లు.

ఈ మాట సాబేరాకు చెబితే నవ్వింది. "ఇంగ్లండు వాళ్లు కూడా అదే అన్నారు. ఫ్రెంచి వాళ్లతో యుద్ధంలో మిమ్మల్ని కాపాడింది మేం, ఆ ఖర్చు మీరు పెట్టుకోవద్దా అని."

"న్యాయమే కదా?"

"న్యాయమే. అక్కడే ఉండాది కష్టం."

ఆమె ఇలాంటి మాట ఒకటి అని పోతుంది. నేను దాన్ని పట్టుకుని రాత్రంతా నమలాలి.

ఇక భూమేష్. ఆ రూమ్‌లో అందరికంటే తక్కువ మాట్లాడేవాడు. ముప్పై దాటిన మనిషి, పంపుల పని. ఒక రోజు మధ్యాహ్నం దుకాణంలో ఎవరూ లేనప్పుడు వచ్చి, "సుభానీ భాయ్, సాబేరక్కతోని ఒక మాట మాట్లాడాలె" అన్నాడు. నాతో కాదట. నా జబ్బు తెలిసినవాడు అలాగే అంటాడు మరి.

ఇంట్లో వాళ్లిద్దరూ వంటగది గడప దగ్గర మెల్లగా మాట్లాడుకున్నారు. ఆ వారం సెలవు రోజున సాబేరా నన్ను కారు తీయమంది. ముగ్గురం ఖోబర్ పట్నం పోయాం. అల్ అజీజియాలో ఒక మెడికల్ షాపు ముందు నన్ను కారులోనే కూర్చోబెట్టి వాళ్లిద్దరూ లోపలికి పోయారు. ఒక చిన్న పొట్లంతో తిరిగొచ్చారు. వచ్చేదారిలో నేను ఏమీ అడగలేదు. అడగకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డానో నా స్టీరింగుకే తెలుసు. సగం దారిలో వెనక సీటులోంచి భూమేషే నోరు తెరిచాడు.

ఆయన భార్య శ్రీలతకు కిందటి ఏడు హైదరాబాదులో ఆపరేషన్ అయింది. క్యాన్సర్ గడ్డ అని ఒక రొమ్ము తీసేశారు. ఊళ్లో మాత్రం గర్భసంచి ఆపరేషన్ అని చెప్పుకున్నారు. అసలు సంగతి ఆమెకు, ఆమె అన్నకు, భూమేష్‌కు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియనీయనని ఆమె భూమేష్‌తో ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు వల్లే ఆపరేషన్‌కు కూడా ఆయన పోలేకపోయాడు. కారణం చెబితే నర్సింలన్న మరునాడే విమానం ఎక్కించేవాడు. కారణం చెప్పకూడదు కాబట్టి తన సెలవు వరుస వచ్చేదాకా ఆగాడు.

"పెండ్లిళ్లకు పోతలేదు భాయ్. బస్సు ఎక్కుతలేదు. రవిక సక్కగ కూసుంటలేదంటది, కొంగు ఇంత కప్పుకుంటది. గీ సామాను హైదరాబాదుల దొరుకుతది, నాకెర్కే. గని దుకాణంల నోరిడిశి అడగాలె కదా. ఆమె అడగది. అందుకే నేనే కొన్న."

పొట్లంలో ఉన్నది ఆ లోటు కనబడకుండా లోపల పెట్టుకునే సిలికాన్ మెత్త, దానికి తగిన లోబట్టలు. ఆ మాట వింటూ నేను రోడ్డు వైపే చూశాను. నాకు ఏడుపొచ్చింది, ఆ సంగతి దాచను. ఇప్పుడు మీకు ఇదంతా చెబుతున్నానంటే శ్రీలతను అడిగి, ఆమె సరేనన్నాక, మా ఇద్దరివీ తప్ప అందరి పేర్లూ ఊళ్లూ మార్చాకే చెబుతున్నాను. ఎవరో ఏమిటో వెతకొద్దు.

భూమేష్ ప్రయాణానికి ఇంకా మూడు నెలలుండగా రూమ్‌లో కొత్త చట్టం వచ్చింది.

పక్క విల్లాలో ఉండే ఒకతని పెట్టెలో కంపెనీ డ్రిల్ మిషన్ దొరికింది. పెద్ద గొడవైంది. సూపర్‌వైజర్ నర్సింలన్నను పిలిచి, ఇకనుంచి మీ వాళ్ల పెట్టెలకు పూచీ నీదే అన్నాడు. నర్సింలన్న ఆలోచించి, తనకు న్యాయంగా తోచిన ఏర్పాటు చేశాడు. ఊరికి పోయేవాడు పెట్టెనూ చేతిసంచినీ రూమ్ చాప మీద అందరి ముందూ తెరవాలి. ప్రతి వస్తువూ తీసి చూపించాలి. తర్వాత ఆయనే టేపు వేసి సంతకం పెడతాడు. నలుగురి ముందూ ఎందుకంటే, రేపు ఎవడూ నర్సింలన్న ఏదో తీశాడనో పెట్టాడనో అనకూడదు. ఇంత ఇబ్బంది పెడుతున్నందుకు బదులుగా ఆయన తన ఐదు కిలోలను రెండుకు తగ్గించుకున్నాడు.

నా దుకాణానికి వచ్చి గర్వంగానే చెప్పాడు. "మూడు కిలోలు ఇడిసిపెట్టిన భాయ్. నన్ను ఎవ్వలన్న అడిగిర్రా? అడగకముందే ఇడిసిన."

రూమ్ వాళ్లు మొదట సంతోషించారు. మూడు కిలోలంటే రెండు డబ్బాల పాలపొడి, పిల్లలకు చాక్లెట్లు. గంగన్న అనే పెద్దాయన పెట్టె తెరిచారు, ఏమీ కాలేదు. తర్వాత లింబాద్రి పెట్టె తెరిచారు.

లింబాద్రి మాటల మనిషి. పిల్లలకు కొత్త దుప్పట్లు కొన్నానని, ఖోబర్‌లో పెద్ద మాల్‌లో కొన్నానని అందరికీ చెప్పుకున్నాడు. పెట్టె తెరిస్తే ఏదో హోటలు వాళ్లు తీసేసిన పాత దుప్పట్లు, శుభ్రంగా ఉతికి మడత పెట్టినవి, మూలన ఆ హోటలు పేరు కుట్టి ఉన్నవి బయటపడ్డాయి. రూమంతా పొట్ట పట్టుకుని నవ్వింది. లింబాద్రి కూడా నవ్వాడు. ఊరికి పోయి వచ్చాక కూడా అతణ్ని "మాల్ సేటు" అనే పిలిచారు. ఆ తర్వాత లింబాద్రి మాటలు తగ్గిపోయాయి. చిత్రమేమిటంటే, నవ్విన వాళ్లు కూడా దుకాణానికి వచ్చినప్పుడు ఆ చాపను తిట్టడం మొదలుపెట్టారు. ఐదు కిలోలు ఇచ్చిన రోజుల్లో ఒక్కడూ నోరెత్తలేదు. రెండు కిలోల రాజ్యంలో అందరికీ నోళ్లు లేచాయి.

ప్రయాణం దగ్గర పడ్డాక ఒకరోజు భూమేష్ నా దుకాణంలో స్టూలు మీద కూర్చుని నేల వైపు చూస్తున్నాడు.

"జయక్కదీ మాదీ ఒక్కటే ఊరు భాయ్. చాప మీద పొట్లం ఇప్పిర్రంటే నేను దిగకముందే ఊరు ఊరంతకు ఎర్కయితది. శ్రీలత మల్ల గడప దాటదు."

"నర్సింలన్నకు ఒక్కడికే చాటుగా చెప్పు."

"మీరు మా ఊరోళ్లు కాదని మీకు జెప్పిన. నర్సింలన్నకు చెప్తే ఒట్టు పాయె."

"అయితే పొట్లం నా దగ్గర పెట్టు. నేను దమ్మామ్ ఎయిర్‌పోర్టుకు తెచ్చి చాటుగా నీ చేతిలో పెడతా."

భూమేష్ తల ఎత్తి నా వైపు చూశాడు. అంతవరకూ అతనిలో నేను కోపం చూడలేదు. "దొంగ సామాను లెక్కనా భాయ్? నా పెండ్లానికి నేను తీస్కపోయేది దొంగ సామానా?"

ఆ సాయంత్రం సాబేరాతో అన్నాను, మనిషికి ఇంత పట్టుదల పనికిరాదని.

సాబేరా కూర కలిపి, పొయ్యి తగ్గించింది.

"అమెరికా వాళ్లు కూడా మొదట పన్ను తప్పించుకోడానికి సరుకు దొంగచాటుగానే తెచ్చుకున్నారు, పడవల్లో, చీకట్లో. దాన్ని పట్టుకోడానికి అధికారులకు ఒక కాగితం ఇచ్చినారు. ఆ కాగితం చేతిలో ఉంటే ఎవరింట్లోకైనా జొరబడొచ్చు. ఏ గదైనా, ఏ పెట్టైనా తెరిచి చూడొచ్చు. టీ పారబోసింది చాలా ఏండ్ల తర్వాత. మంట మాత్రం అక్కణ్నుంచే మొదలైందంటారు కొందరు."

"అంటే పన్ను మీద కాదా కోపం?"

"పన్ను మీద కూడా. మన జేబులో ఎంత తీసుకోవాలో మనల్ని అడక్కుండా ఒకడు నిర్ణయించినాడనుకోండి. ఈరోజు తక్కువే తీసుకున్నాడు. రేపు? తగ్గించేది కూడా వాడే కదా, మనం కాదు కదా."

"మూడు కిలోలు ఇడిసిపెట్టిన" అని నర్సింలన్న చెప్పిన మాట గుర్తొచ్చింది. అయినా నాకు పూర్తిగా ఎక్కలేదు. నేను వ్యాపారిని. తగ్గింపు అన్నాక తగ్గింపే.

శుక్రవారం నమాజు అయ్యాక కాటా, తాడు తీసుకుని వాళ్ల విల్లాకు పోయాను. సాయంత్రం భూమేష్ విమానం. ఊరికి పోయేవాడు ఆ రోజు అందరికీ వండి పెట్టడం వాళ్ల అలవాటు. భూమేష్ మటన్, బగారా అన్నం వండాడు. మటన్‌లో ఉప్పు వేయడం మరిచిపోయాడు. ఎవరూ ఏమీ అనకుండా తిన్నారు. విస్తళ్లు తీశాక చాప పరిచారు. చాప మధ్యలో భూమేష్ పెట్టె. దాని పక్కనే నర్సింలన్న టేపు వేసి తెచ్చిన రెండు కిలోల పార్సల్. చుట్టూ రూమ్ వాళ్లు గోడలకు ఆనుకుని నిలబడ్డారు.

"తెరువు తమ్మీ," అని నర్సింలన్న కత్తెర ముందుకు జరిపాడు.

భూమేష్ పెట్టె మీద చెయ్యి పెట్టాడు. "తెర్వనన్నా."

"తెర్వవా? ఏమున్నది గండ్ల?"

"మా ఇంటామె సామాను."

"అందరి ఇండ్లల్ల ఆడోళ్లు లేరా? గంగన్న తెరిసిండు. లింబాద్రి తెరిసిండు. నీదేంది కొత్తగ?"

వెనక నుంచి ఎవరో, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది అన్నారు. ఒకరిద్దరు నవ్వారు. నా గొంతు దాకా వచ్చింది, లోపల ఏముందో చెప్పేసి ఆ నవ్విన మూతుల మీద చెప్పుతో కొట్టినట్టు చేయాలని. పుట్టి ఇన్నేళ్లలో మొదటిసారి నువ్వుగింజను నోట్లో బిగబట్టుకున్నాను.

నర్సింలన్న మెత్తగానే అన్నాడు. "తమ్మీ, నాకు మాత్రం ఇష్టమా? ఆఫీసోళ్లు పూచీ నా మీద పెట్టిర్రు. అందుకే కదా ఐదు కిలోలు రెండు చేసిన. మీ కోసమే కదా తగ్గించిన. ఇంకేం జెయ్యాలె జెప్పు?"

"ఐదు తీస్కో అన్నా," అన్నాడు భూమేష్. "పది తీస్కో. ముప్పై కిలోలు నువ్వే తీస్కో. నా పాలపొడి, నా దుప్పట్లు అన్ని ఈడనే ఇడిశిపెడ్త. నీ సామాను నెత్తి మీద పెట్టుకొని జయక్క గడపల దించుత. గని నా పెట్టె మాత్రం తెర్వనియ్య."

టీ పారబోసిన వాళ్ల మీద ఇన్నాళ్లుగా ఉన్న కోపం ఆ క్షణంలో నాకు పోయింది. తగ్గించారా పెంచారా అన్నది వాళ్లకు పట్టనే లేదు. ఎక్కువ ఇస్తానంటున్నాడు ఈ మనిషి! ముప్పై కిలోలు ఇస్తానంటున్నాడు! తనను అడగకుండా తన ఇంట్లోకి రావద్దని మాత్రమే అంటున్నాడు. నాకు భూమేష్‌ను పట్టుకుని ఏడవాలనిపించింది, అంత గర్వంగానూ అనిపించింది.

కానీ నర్సింలన్నకు అది ధిక్కారంగానే వినిపించింది. పదిమందిలో తన మాట పడిపోయింది. ఫోను తీశాడు. "ఒక్క ఫోన్ కొడ్త భూమేషూ. నీ సెలవు కాగితం ఇయ్యాల్నే ఆగుతది. మల్ల వరుస ఎప్పుడొస్తదో నాక్కూడ తెల్వది."

భూమేష్ ఏడాది నుంచి ఎదురుచూస్తున్న ప్రయాణం అది. "కొట్టన్నా," అన్నాడు. చెయ్యి మాత్రం పెట్టె మీద నుంచి తీయలేదు.

అప్పుడు లింబాద్రి గోడ దగ్గర నుంచి వచ్చి ఆ పెట్టె మీద కూర్చున్నాడు.

"లే లింబాద్రీ."

"లేవ. నా పెట్టె తెరిసిర్రు. పాత దుప్పట్లు జూసి అందరు నవ్విర్రు, నేను గుడ నవ్విన. నవ్వకపోతే ఏడ్వాలె కాబట్టి నవ్విన. పిల్లలకు సలి పెడ్తదని తీస్కపోయిన అన్నా. అండ్ల మీకు జూపెట్టేదేమున్నది?"

గంగన్న వచ్చి పెట్టెకు ఒక పక్కన చాప మీద కూలబడ్డాడు. తర్వాత ఇంకొకడు, ఇంకొకడు. ఇందాక నవ్విన వాళ్లు కూడా వచ్చారు. ఎవరూ కేకలు వేయలేదు, చెయ్యి లేపలేదు. ఊరికే కూర్చున్నారు. నర్సింలన్న ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"మరి రేపు ఇంకో మిషన్ పోతే నేనేం జెప్పాలె? నా కొలువు పోతే ఎవ్వలిస్తరు?" ఆయన గొంతులో ఇప్పుడు కోపం కంటే భయమే ఎక్కువుంది.

"భూమేష్ మాట మీద పంపిన అని జెప్పు," అన్నాడు భూమేష్. "పెట్టె మీద నా పేరు, నా ఊరు ఇంతింత అక్షరాలతోని ఉంటయి. తప్పయితే నన్ను పట్టుకుంటరు."

అప్పుడు నా చూపు చాప మీదున్న రెండు కిలోల పార్సల్ మీద పడింది. ఇన్నేళ్లుగా ఆ పార్సళ్లను నేనే తూచాను, నేనే తాడు కట్టాను. ఒక్కసారి కూడా ఎవరూ విప్పి చూసింది లేదు. ఇక నా జబ్బు ఆగలేదు.

"నర్సింలన్నా, ఇది కూడా పెట్టెనే కదా? ముందు దీన్ని తెరుద్దామా?"

నేను తెలివిగా అన్నానని రూమ్ వాళ్లు తర్వాత చెప్పుకున్నారు. తెలివి లేదు, పాడూ లేదు. లోపల ఏముందో చూడాలనిపించింది, అంతే.

నర్సింలన్న చటుక్కున వంగి ఆ పార్సల్‌ను చంకలోకి తీసుకున్నాడు. "గిదా? గిది మా జయకు పంపేటిది. గిన్ని మందిల ఎట్ల..."

మాట అక్కడే ఆగింది. ఆయన తన మాటను తానే విన్నాడు. చంకలో పార్సల్‌ను చూసుకున్నాడు, పెట్టె మీద కూర్చున్న లింబాద్రిని చూశాడు, భూమేష్ చేతిని చూశాడు. పెద్ద మనిషి ముఖం అలా ఎర్రబడడం నేనెప్పుడూ చూడలేదు. కాసేపటికి ఫోను జేబులో పెట్టుకున్నాడు. పార్సల్ ఇవ్వలేదు, దాన్ని తీసుకుని తన గదిలోకి పోయాడు. ఎవరూ ఆయన్ను వెక్కిరించలేదు, దానికి నాకు ఆ రూమ్ వాళ్ల మీద గౌరవం పెరిగింది. ఆ పార్సల్‌లో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

నేను టేపు వేసి, తాడు బిగించి, పేరు రాశాను. కంపెనీ వ్యాన్ తాళాలు పట్టుకుని నర్సింలన్నే బయటికి వచ్చాడు. "ఎక్కు తమ్మీ, టైమైతంది" అన్నాడు. నేనూ ఎక్కాను. దమ్మామ్ దారిలో ఒకసారి నర్సింలన్న ఏసీ గాలి భూమేష్ వైపు తిప్పాడు.

ఎయిర్‌పోర్టులో లోపలికి పోయే చోట సామాను లోపల ఏముందో చూపే మిషన్ ఉంటుంది. మేమిద్దరం తెరిచిన తలుపు పక్కన, అద్దం ఇవతలే ఆగిపోయాం. భూమేష్ పెట్టె మిషన్లోకి పోయి, అవతల బయటికి వచ్చి ఆగింది. అక్కడున్న అధికారి తెర వైపు చూసి, పెట్టె వైపు చూసి, తాడు కోయమని సైగ చేశాడు.

ఇక్కడా పేచీ తప్పదనుకున్నాను. భూమేష్ మాత్రం గొడవ పడలేదు. చేతికి ఇచ్చిన కత్తి తీసుకుని నేను కట్టిన తాడును తానే కోశాడు. అట్ట రెక్కలు పైకి లేపాడు. మేం నిలబడ్డ చోటు నుంచి అద్దంలోంచి అంతా తేటగా కనబడుతోంది.

"మా ముంగట తెర్వలేదు," అన్నాడు నర్సింలన్న మెల్లగా. "ఆయన ముంగట మాట్లాడకుంట తెరిసిండు."

నేనేం చెప్పను? ఆ అధికారికి భూమేష్ ఎవరో తెలియదు. భూమేష్ ఊరు తెలియదు. రేపు ఏ పెళ్లిలోనూ ఆయన శ్రీలతకు ఎదురుపడడు. మేమైతే మనవాళ్లం. చూపులు గుచ్చుకునేది మనవాళ్లవే. ఇదంతా చెప్పడానికి నేను నోరు తెరిచాను గానీ, నర్సింలన్నకు అప్పటికే అర్థమైనట్టుంది.

లోపల అధికారి చెయ్యి ఆ చిన్న పొట్లం మీదికి పోయింది. అప్పుడు నర్సింలన్న అద్దానికి వీపు పెట్టి నిలబడ్డాడు. నా భుజం పట్టుకుని నన్ను కూడా గోడ వైపు తిప్పాడు.

"ఇటు జూడు భాయ్. అటు జూడకు."

ఇద్దరం గోడను చూస్తూ నిలబడ్డాం. గోడ మీద చూడ్డానికి ఏమీ లేదు. వెనక టేపు చర్రుమని లాగిన చప్పుడు వినబడింది.

"మూసిండా?" అని అడిగాడు నర్సింలన్న.

"నాకేం తెలుసన్నా, నేను కూడా ఇటే చూస్తాండా కదా."

"మంచిది," అని ఆయన అలాగే నిలబడ్డాడు, భూమేష్ వెనక నుంచి "పోయొస్త అన్నా" అని పిలిచేదాకా.